చెయ్యి చాపితే ఆగే రైలు

మీ ఊరి స్టేషనులో రైలు ఆగుతోందా? అయ్యో, మీకెంత కష్టం వచ్చిపడింది! మా డన్‌బెక్‌లో ఆగదు. ఆగకపోవడంలో ఉన్న సుఖం గురించి నాలుగు మాటలు చెప్పకపోతే నాకీ వారం నిద్ర పట్టేలా లేదు.

ముందు మా లైను ఘనత వినండి. నూట అరవై ఏళ్ళ కిందట హామ్లీ ఉన్ని మిల్లుల నుంచి సముద్రం ఒడ్డునున్న మార్స్‌విక్ దాకా ఇరవై తొమ్మిది మైళ్ళు పట్టాలు వేశారు. తిన్నగా వేస్తే ఇరవై రెండే! కానీ దారిలో ఉన్న జమీందారుగారు వేటాడ్డానికి పెంచుకునే తన అడవికోళ్ళు జడుసుకుంటాయని అడ్డం పడ్డారు. రైలు కోళ్ళ చుట్టూ తిరిగింది. ఆ దొరా పోయాడు, ఆ కోళ్ళూ విందుల్లో పోయాయి. వంపు మిగిలింది. ఆ వంపులోనే మా ఊరు. మా స్టేషను కోళ్ళ చలవ!

ఈ లైను మాకేం తక్కువ చేసింది? ఆకులు రాలితే ఆలస్యం. మంచు పడితే ఆలస్యం. ఎండ కాస్తే పట్టాలు వేడెక్కి ఆలస్యం. ఆ ఆలస్యంలోనే నేను మూడు స్వెట్టర్లు అల్లాను. మా పోస్టుమాస్టరు ఎదుటి సీటావిడకు మనసిచ్చి, పెళ్ళికి ఒప్పించి, దిగేలోగా పోట్లాట కూడా పెట్టుకున్నాడు!

మాది చిన్న స్టేషను. ఆ రోజుల్లో ఎక్కేవాళ్ళు చెయ్యి చాపితేనే రైలు ఆగేది. లేకపోతే ఓ కూత కూసి పోయేది.

హెస్టర్ పికిల్స్ నలభై ఏళ్ళుగా ప్రతి బుధవారం ఆ చెయ్యి చాపుతూ వచ్చింది. మార్స్‌విక్‌లో ఉన్న చెల్లెలు ఐడా దగ్గరికి వెళ్ళి, పేకాడి, దొంగాట ఆడావని దెబ్బలాడి, వేయించిన చేప తిని, సాయంత్రానికి తిరిగొచ్చేది. కారు లేదు. మిగతావాళ్ళకు స్టేషను ఓ సదుపాయం. హెస్టర్‌కు అది చెల్లెలు.

కిందటేడు రైలువాళ్ళు ఉత్తరం రాశారు. జూన్‌లో ఫలానా రోజు ఉదయం తమ మనిషి రైల్లో వస్తాడట. డన్‌బెక్‌లో ఎందరు ఎక్కుతారో రాసుకుంటాడట. దాన్నిబట్టే స్టేషను ఉంచడమో మూయడమో! ఏడాదికి ఒక్క పూట చూస్తే చాలదూ?

నలభై ఒక్కమందిమి వెళ్ళాం. ఎవరూ చెప్పకుండానే క్యూ కట్టాం. అందరికంటే ముందు హెస్టర్, రెండు చేతులా నిమ్మకాయ కేకుతో. లెక్కరాసే అబ్బాయికి ఇవ్వాలని తెల్లవారకుండానే లేచి చేసింది. ఆమె వెనక రిటైరైన సిగ్నల్‌మ్యాన్ సిరిల్ త్వైట్, ఒక చేతిలో టీ ఫ్లాస్కుతో. ఆ వెనక ‘మా స్టేషను మాకు కావాలి’ అన్న బ్యానరు. దాని ఒక కొస నా చేతిలోనే.

రైలు వచ్చింది. బ్యానరూ కేకూ చూసి, ఏదో వేడుక అనుకున్నాడు డ్రైవరు. మురిసిపోయి పెద్ద కూత కూశాడు. కిటికీలోంచి లెక్కల అబ్బాయి చిరునవ్వు నవ్వి ఏదో రాసుకున్నాడు. రైలు వెళ్ళిపోయింది.



“చెయ్యి చాపలేదేం, హెస్టర్?” అన్నాడు సిరిల్.

“కేకు కనబళ్ళేదా? నువ్వు చాపొచ్చుగా.”

“ముందు నువ్వున్నావు. నిన్ను దాటి నేను చాపితే ఏం బావుంటుంది?”

“నలభై ఏళ్ళు సిగ్నళ్ళు వేశావు. రైలాపడం నీకు నేను నేర్పాలా?”

తర్వాత అందరం అందరికీ సారీ చెప్పుకున్నాం. పావుగంట పట్టింది, అదీ వరసలోనే! కేకు మాత్రం అద్భుతం.

ఆగస్టులో జవాబొచ్చింది. డన్‌బెక్‌లో ఎక్కినవారు: సున్నా. సెప్టెంబరులో స్టేషను మూసి కంచె వేశారు.

అప్పటినుంచీ ఎంత హాయి! ఆగని రైలుకు ఆలస్యమేమిటి? బదులుగా బస్సు కూడా ఇచ్చారు. వారానికి రెండుసార్లు, సముద్రం వైపు కాదు, అవతలి వైపు. దృశ్యాలు బాగుంటాయి!

ఇక హెస్టర్ అదృష్టమైతే చెప్పనలవి కాదు. ఇప్పుడు బుధవారాలు ఐడాయే చేతికర్ర పట్టుకుని మార్స్‌విక్‌లో రైలెక్కుతుంది. హామ్లీ దాకా పోయి, దిగకుండా తిరిగి వెళుతుంది. అక్క కంచె దగ్గర, చెల్లెలు కిటికీలో, ఆ ఒక్కరోజే రెండుసార్లు కలుస్తారు! వంపులో రైలు నెమ్మదిస్తుంది కనుక ఒక్కో కలయికా తొమ్మిది సెకన్లు. అంతా ఆ కోళ్ళ పుణ్యం. పేకాట లేదు, దొంగాట అసలే లేదు.

మొన్న బుధవారం నేనూ కంచె దగ్గరికి వెళ్ళాను. ఈసారి హెస్టర్ చేతుల్లో ఏమీ లేదు. రైలు వంపు తిరగ్గానే చెయ్యి బారుగా చాపింది. సిరిల్ చాపాడు. నేనూ చాపాను. ఎవరి వంతని ఎవరమూ చూసుకోలేదు. కిటికీలోంచి ఐడా కూడా చాపింది.

రైలు ఓ కూత కూసి పోయింది.