మూసినా పోని విండోలు

ఆ ఉదయం అనుమానం వేసుకున్న పథకం చిన్నదే. పదకొండులోపు లోపం పట్టుకోవాలి. ప్రోగ్రాములు రాసే అతనికి 'అనుమానం' అన్న పేరు కంటి ఆసుపత్రి వాళ్ళే పెట్టారు.

అక్కడి కౌంటర్ కంప్యూటరు వారం రోజులుగా పదకొండయ్యేసరికి మొరాయిస్తోంది. రోగి రాగానే ఒక విండో తెరుస్తారు, పని కాగానే మూస్తారు. తెర మీంచి పోతోంది గాని మెమరీలోంచి పోవడం లేదు. దాన్ని ఏదో పట్టుకుని ఉంది.

"ఇవాళ కూడా ఆగిందంటే రేపట్నుంచి పుస్తకంలోనే రాసుకుంటాం. మీరు రానక్కర్లేదు" అన్నాడు పెద్ద డాక్టరు. పాత పుస్తకం బీరువాలోంచి తీయించి బల్ల మీద పెట్టుకున్నాడు కూడా.

ఏది పట్టుకుందో తేల్చడానికి అనుమానం మొదట విండోలో ఆడుతున్న గడియారాన్ని తీసేశాడు. మెమరీ తగ్గలేదు. వరసలో మాత్రం ఎవరు ముందొచ్చారన్న తగువు మొదలైంది. క్యాలెండరు తీసేశాడు. కౌంటర్ అక్క వేళ్ళ మీద లెక్కేసి ముగ్గురిని ఆదివారం రమ్మంది. విండోలోని రోగి ఫొటో తీసేశాడు. ఒకసారి చుక్కలు వేయించుకున్నాయన మళ్ళీ చుక్కల వరసలోనే కూర్చున్నాడు, ఆయనకి ఆ వేళప్పుడు ఏదీ కనిపించదు గనక.

చివరికి విండోలో పేరు గడి, మూసే బటన్ మిగిలాయి. మెమరీ పెరుగుతూనే ఉంది. పదిన్నరైంది.

"ఈ బటన్ కూడా తీసేయ్ తమ్ముడూ. నేనూ ఇంటికి పోతాను" అంది అక్క.

"పేరు గడి కాక అదొక్కటే మిగిలిందక్కా, దాని మీదే అనుమానం."

"మూసిన విండోలు పోలేదని నీకెట్లా తెలుస్తోంది?"

"చిట్టా పెట్టానుగా. మూసిన ప్రతి విండోనూ అందులో ఉంచుకుని, పోయిందా లేదా అని అడుగుతుంటుంది."

"ఎప్పుడు పెట్టావ్?"

"పోయిన వారం. అప్పుడు లోపమేం లేదు. ఎందుకైనా మంచిదని."

అక్క కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "చెయ్యి పట్టుకుని, ఇంకా పోలేదేంటని అడిగితే ఎట్లా పోతాయి నాయనా?"

అనుమానం తెర వైపు తిరిగి చిట్టా తెరిచాడు. పోయిందా అని అడగడానికి కూడా పట్టుకునే ఉండాలని అతనికి అప్పటిదాకా తట్టనే లేదు. చిట్టా చెరిపేశాడు. మెమరీ ఎండలో పెట్టిన తడిగుడ్డలా తేలికైంది. తీసినవన్నీ ఒక్కొక్కటే తిరిగి పెట్టాడు. పదకొండు దాటింది, పన్నెండు దాటింది, కంప్యూటరు ఆగలేదు.

డాక్టరు పుస్తకాన్ని బీరువాలోకి పంపించి వచ్చాడు.

"ఏం పట్టుకుందట?"

"కాపలాకి పెట్టిన చిట్టాయే సార్. తీసేశాను."

"మంచిది. మళ్ళీ రాకుండా ఓ కన్నేసి ఉంచండి."

అక్క కీబోర్డును అతనికి అందకుండా తన వైపుకి లాక్కుంది.