దొంగ దెబ్బ

ఆ పొద్దున దర్జీ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇన్‌స్పెక్టరుగారికి కొత్త యూనిఫాం తొడిగి చూడాలి, పంట్లాం పొడవు ఎంత కావాలో సుద్దతో గీత గీసుకోవాలి, ఇంటికొచ్చి టీ తాగాలి. పంట్లాం కింద అంచు ఇంకా మడవలేదు. జానెడు గుడ్డ అదనంగా వేలాడుతోంది.

"పోలీసు బట్టలు, జాగ్రత్త," అంది భార్య సంచి అందిస్తూ.

"పోలీసు బట్టల జోలికి ఎవడొస్తాడే?"

సందు మలుపులోనే వచ్చాడు. సంచి పట్టుకుని లాగాడు. దర్జీ వదల్లేదు. వాడు చేతికర్రతో మణికట్టు మీద ఒక్కటి వేశాడు. సంచి వాడిదైంది, విరిగిన ఎముక దర్జీకి మిగిలింది. వేలాడే చేతిని రెండో చేత్తో పట్టుకుని ముందు స్టేషనుకు, తర్వాత ఆసుపత్రికి వెళ్ళాడు.

ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి పెదవి విరిచాడు. "ప్లేటు వేయాలి. ఆలస్యమైతే వేళ్ళు ముడుచుకోవు. ఇక కత్తెర పట్టలేవు."

కత్తెర పట్టకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. అందుకే దర్జీ తనకంటూ కొత్త చొక్కా కుట్టుకోవడం మానేశాడు కాని, ఆరోగ్య బీమా కట్టడం ఏనాడూ మానలేదు. కౌంటరులో అమ్మాయి నవ్వుతూ, "బీమావాళ్ళు సరే అనగానే ఆపరేషనుకు తీసుకెళ్తాం," అంది.

బీమా ఆఫీసరు ఓపికగల మనిషి. డబ్బు ఇవ్వకుండా ఉండటానికి ఎంత శ్రమైనా పడతాడు. స్టేషనుకు స్వయంగా ఫోన్ చేశాడు. కానిస్టేబులు ఎత్తాడు.

"ఆ దర్జీకి తగిలింది ఎలాంటి దెబ్బండీ?"

"దొంగ దెబ్బేనండి."

"ఖాయమేనా?"

"ఫిర్యాదు రాసుకుంది నేనేగా! నూటికి నూరుపాళ్ళూ దొంగ దెబ్బే."

"నేనూ అదే అనుకున్నాను," అని ఆఫీసరు తృప్తిగా ఫోన్ పెట్టేశాడు.

మధ్యాహ్నానికి కౌంటరు అమ్మాయి నవ్వడం మానేసింది. "మీది దొంగ దెబ్బటగా. కుదరదన్నారు."

దర్జీ భార్య పరుగున స్టేషనుకు వెళ్ళింది. "నాయనా, అది దొంగ దెబ్బ కాదని ఒక్క మాట చెప్పు, నీకు పుణ్యముంటుంది."

కానిస్టేబులు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "దొంగ దెబ్బ కాదా? అంటే దొంగ కొట్టలేదా?"

"కొట్టింది దొంగే. దెబ్బ దొంగది కాదు."

"మరి ఎవరిది?"

"మా ఆయనది!"

"మీ ఆయనే కొట్టుకున్నాడా?"

"అయ్యో రాత! నిజం దెబ్బ నాయనా!"

"నిజంగానే కొట్టుకున్నాడా!"

ఆమె నుదురు కొట్టుకుంది. అది ఆ ఇంటి అలవాటని కానిస్టేబులు గ్రహించాడు. లోపలికెళ్ళి, "సార్, అసలు దొంగే లేడట," అన్నాడు.

"మరి నా యూనిఫాం ఏమైనట్టు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఆ ప్రశ్నకు జవాబు కూడా ఆయనే చెప్పుకున్నాడు. "దర్జీయే నొక్కేశాడు. చెయ్యి విరగ్గొట్టుకుని బీమాకూ వల వేశాడు. ఒక్క దెబ్బకు రెండు పిట్టలు."

సాయంత్రానికి దర్జీ మంచం పక్కకు కానిస్టేబులు కాపలాకు వచ్చాడు. బేడీ వేద్దామంటే ఒక చేతికి కట్టుంది, ఇంకో చేతికి సెలైను ఉంది. చాలాసేపు ఆలోచించి, దర్జీ చెప్పులు తీసి తన ఒళ్ళో పెట్టుకున్నాడు.

పోలీసు కాపలా సంగతి తెలిశాక బీమా ఆఫీసరుకు ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది. కళ్ళారా చూసిన సాక్షి ఉంటే తప్ప మాట్లాడేది లేదని కబురంపాడు.

"చూసినవాడు ఒక్కడే, సంచి పట్టుకుపోయాడు," అంది భార్య. "ఈ పెద్దమనిషి చెప్పులకు కాపలా మాని వాణ్ణి వెతికితే దొరుకుతాడు."

"లేని దొంగను ఎక్కడ వెతకనమ్మా?"

చెయ్యి వాచి బండబారింది. డాక్టరు చూసి, "రేపు దాటితే నా చేతుల్లో లేదు," అన్నాడు. నా చేతుల్లో మాత్రం ఏం మిగులుతుందని దర్జీ అనుకున్నాడు.

ఆ లేని దొంగ మర్నాడు పొద్దున్నే యూనిఫాం తొడుక్కుని కూరగాయల బజారులో మామూళ్ళు వసూలు చేశాడు. ఎవరికీ అనుమానం రాలేదు. చెయ్యి చాపిన తీరు అచ్చం పోలీసులాగే ఉంది. చివర్లో ఒక ముసలమ్మ చిల్లర ఇవ్వగానే, అలవాటు లేనివాడు కదా, "థాంక్సమ్మా," అనేశాడు.

"దొంగ పోలీసు!" అని ఆమె కేకేసింది.

వాడు పరుగందుకున్నాడు. మడవని పంట్లాం అంచు కాళ్ళకు చుట్టుకుంది. ముందుకు పడ్డాడు. కాలు విరిగింది.

ఇద్దరికీ ఒకే కాపలా సరిపోతుందని ఇన్‌స్పెక్టరు వాణ్ణి దర్జీ పక్క మంచం మీదే వేయించాడు. దర్జీ చూస్తూనే, "వీడే!" అని అరిచాడు. అప్పుడే తలుపు దగ్గర బీమా ఆఫీసరు డాక్టరుతో చెబుతున్నాడు. "ఇలాంటి దొంగ దెబ్బలు మేం రోజూ చూస్తుంటామండి."

పక్క మంచం మీంచి దొంగ తలెత్తాడు. "ఎవరండీ దొంగ దెబ్బ అంటున్నది? నేను స్వయంగా వేసిన దెబ్బ! నికార్సైనది. పని చేస్తే పనిలా చేస్తాను సార్. నమ్మకపోతే ఆ కర్ర తెప్పించండి, మీ చేతి మీద వేసి చూపిస్తా."

ఆఫీసరు రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. కళ్ళారా చూసిన సాక్షి కావాలన్నది తనే. ఇంతకన్నా దగ్గరగా చూసినవాడు దొరకడు. గొణుక్కుంటూ సరే అన్నాడు.

కానిస్టేబులు చెప్పులు కింద పెట్టి గొంతు సవరించుకున్నాడు. "నేను మొదట్నుంచీ చెప్తున్నది అదేగా. దొంగ దెబ్బేనని!"

దర్జీ భార్య చెప్పుల వైపు చూసింది. కానిస్టేబులు వాటిని గబుక్కున మంచం కిందికి తోసేశాడు.

బండి మీద దర్జీని ఆపరేషనుకు తోసుకెళ్తుంటే దొంగ మూలుగుతూ అన్నాడు. "పంట్లాం అంత పొడవు కుట్టావేం బాబాయ్? ప్రాణం పోయేది."

"ట్రయలైనా అవ్వకుండా నిన్నెవడు వేసుకోమన్నాడురా?" అన్నాడు దర్జీ.

అంతమందిలోనూ మాట మీద నిలబడ్డవాడు వాడొక్కడే. వాడికే కాలు విరిగింది.