గంగాధరప్పగారి తలపాగాకు పదకొండు పేజీలు

రెండేళ్ల కిందట నాగలమడిక ఏట్లో బొగ్గు బస్సు కొట్టుకుపోయిన రోజును మన తాలూకాలో అందరూ చెడ్డరోజు అంటారు. నేను ఒప్పుకోను. ఆ రోజు మనకొక రచయిత పుట్టాడు!

పావగడలో శిస్తు వసూలు చూసే శేకుదారుగా చేసి రిటైరైన గంగాధరప్పగారు, ఆ ప్రమాదంలో తాను బతికిన వైనాన్ని నూట పన్నెండు పేజీల పుస్తకంగా అచ్చు వేయించారు. యుద్ధం వల్ల కాగితం దొరక్క మా బడి పిల్లలు నేల మీద అక్షరాలు దిద్దుతున్నారు. అయితేనేం? పిల్లల చేతిరాత ముఖ్యమా, సాహిత్యం ముఖ్యమా?

పెట్రోలు కరువులో బొగ్గు గ్యాసుతో నడిచే బస్సు అది. ఏటి ఇసుక దాటేచోట మగవాళ్లు దిగి వెనక నుంచి తొయ్యడం, ఆడవాళ్లు ముందు నడవడం, ముందు సీటు పెద్దమనిషి మాత్రం కదలకుండా కూర్చోవడం మన ఆచారం. ఎగువన వాన పడి నీళ్లు హోరుమని వస్తుంటే, ఆ హోరు విని బొగ్గుపొయ్యి ఫ్యాను అందుకుందని అందరూ సంతోషించారట.

"పట్టుకున్నాది, తొయ్యండప్పా" అన్నాడట డ్రైవరు శ్రీరామప్ప.

నీళ్లు మీదికి రాగానే తోసేవాళ్లు వెనక గట్టుకు పరుగెత్తారు. శ్రీరామప్ప శవమై మూడో రోజు దొరికాడు. ముందు సీటులో ఉన్న గంగాధరప్పగారు బస్సు పైకెక్కి బతికారు. ముందు నడుస్తున్నది ఒక్కతే, నా భార్య హొన్నూరమ్మ. ఆమె దొరకలేదు.

ఇక పుస్తకం సంగతి. ఏట్లో పోయిన జరీ తలపాగాకు పదకొండు పేజీలు. చెప్పులకు మూడు. తడిసిన పొడుం డబ్బాకు ఒక పద్యం. ముందు నడిచిన మనిషి గురించి మాత్రం, "ఎవరో ఉన్నట్టు గుర్తు." ఎంత పొదుపు! రాతలో పొదుపు ఉండాలని నేనూ పిల్లలకు చెబుతుంటాను.

మా కులపెద్ద కాటయ్యకు చదువు రాదు. ఆయన అడిగేది ఒక్కటే. "శవం దొరకలేదు గదా అయ్యోరా. పోయేది కండ్లారా చూసినోళ్లు ఒకరొచ్చి నోటితో చెప్పల్ల. లేకుంటే కర్మకు పన్నెండేండ్లు కాచుకోవాల్సిందే."

చూడగలిగిన చోట ఉండి బతికినవారు గంగాధరప్పగారు ఒక్కరే. పావగడకు నడిచివెళ్లి, వచ్చి ఆ ఒక్క మాట చెప్పిపొమ్మని అడిగాను.

"అది తలుచుకుంటే నాకు అన్నం సయించదప్పా" అన్నారు. "అంతా పుస్తకంలో ఉండాది, చదువుకోండి అయ్యవారూ. ఏమన్నా తక్కువుంటే రెండో అచ్చులో చూస్తాములే."

సంతకం చేసి ఒక ప్రతి ఇచ్చారు. తెచ్చి కాటయ్య ముందు పెట్టాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇంత లావుండాదే. ఆయమ్మ యాడా లేదా?"

కాబట్టి పాఠకులారా, ఈ పుస్తకాన్ని తలా ఒకటి కొనండి. మొదటి అచ్చు అమ్ముడుపోతే గాని రెండోది రాదు.

హొన్నూరమ్మకు కర్మ ఇంకా జరగలేదు.