గరిటెముక్కు పిట్ట

ఆ ఉదయం సర్వేయరు అనుకున్నది ఇంతే: పదింటికల్లా ఊరి చివరి బురదమడుగు కొలిచేసి, మధ్యాహ్నం భార్యను కంటి డాక్టరుకు చూపించాలి. మడుగు పూడ్చి బస్సుల షెడ్డు కట్టాలని ఆఫీసు నిర్ణయం. సెలవు దొరికితే చాలు నీటి ఒడ్డున గంటలకొద్దీ నిలబడే మనిషి కనుక, ఆఫీసులో అందరూ ఆయనను 'కొంగ' అనేవారు.

టేపు పరుస్తుంటే, పిడికెడంత ఉల్లంకి పిట్టలు బురదలో ముక్కులు గుచ్చుతూ పరుగెడుతున్నాయి. ఒకదాని ముక్కు చివర గరిటెలా వెడల్పుగా ఉంది. లోకంలో కొన్ని వందలే మిగిలిన జాతి అది. ఆయన నాలుగు ఫోటోలు తీసి, నివేదికలో దాని పేరు రాసి, కింద 'నిర్ధారించుకోవాలి' అని చేర్చాడు.

పై అధికారి ఆ చివరి మాట కొట్టేసి పైకి పంపాడు. పైవాళ్లు పత్రికకు చెప్పారు. మర్నాటికల్లా పనులు ఆగిపోయాయి, మడుగు చుట్టూ తిరనాళ్లలా జనం. బురదలో దిగొద్దని బతిమాలితే, పిట్ట నీ సొంతమా అన్నారు. మా బావ కనిపెట్టిన పిట్ట అంటూ బావమరిది స్నేహితులను వెంటేసుకుని వచ్చాడు. కంటి డాక్టరు మాట ఆయనకు గుర్తే లేదు.

"పిట్ట ముక్కు కనపడింది గానీ నా కళ్లు కనపళ్లేదు మీకు," అంది భార్య.

మూడో రోజు పక్షుల నిపుణురాలు వచ్చి మొదటి ఫోటో పెద్దది చేసి చూసింది.

"ముక్కుకి బురద ముద్ద అంటుకుందండీ. మామూలు ఉల్లంకే."

జనం నవ్వుకుంటూ వెళ్లిపోయారు. బావమరిది పలకరించడం మానేశాడు. తప్పుడు సమాచారం ఇచ్చినందుకు సర్వేయరుకు మెమో వచ్చింది. వారంలో లారీలు మడుగును చదును చేశాయి.

ఆ తర్వాత నిపుణురాలు ఫోను చేసింది. తీరిగ్గా మిగతా ఫోటోలూ చూసిందట.

"నాలుగోదాంట్లో అంచున ఇంకో పిట్ట ఉంది. అది నిజంగా గరిటెముక్కేనండీ. ఇప్పుడెక్కడుంది?"

మొదటి పిట్టను చూసిన సంబరంలో ఆ మూలకేసి సర్వేయరు కూడా చూడలేదు.

"దాని చోట షెడ్డు లేస్తోందమ్మా," అన్నాడు.

దాచడం చేతకాక ఆ సంగతీ ఆఫీసుకు రాసి ఇచ్చాడు. రెండో మెమో వచ్చింది. మొదటిది లేని పక్షిని చూసినందుకు, ఇది ఉన్న పక్షిని చూడనందుకు. రెండింటికీ విడివిడిగా సంజాయిషీ ఇవ్వాలట.