ఏ తీగ? ఈ తీగ

ఆ శనివారం పొద్దున నిత్యానందం గారు వేసుకున్న పథకం చిన్నదే. టిఫినయ్యాక వయొలిన్ మీద కీర్తన ఒకసారి వాయించుకోవడం, మధ్యాహ్నం కుర్చీలు వేయించడం, సాయంత్రం ఇంట్లో జరిగే కృతజ్ఞతా కూటంలో అదే కీర్తనను భార్య ముందు తప్పు లేకుండా వాయించడం. సుగుణ గారికి థైరాయిడ్ ఆపరేషను జరిగి ఏడాది నిండింది. మాట వచ్చింది గానీ పాట రాలేదు. ఏలూరులో వాళ్ల చర్చి పాటల బృందాన్ని ఏళ్ల తరబడి నడిపిన మనిషి, ఇప్పుడు కీర్తన ఎత్తుకోగానే పెదవులు బిగించి కూర్చుంటున్నారు.

ఆ పాటను మళ్లీ ఇంట్లో వినిపించాలనే ఆయన వయొలిన్ కొన్నారు. ఫోనులో వీడియోలు చూస్తూ కమాను పట్టడం, స్వరాల మధ్య దూరాలు లెక్కపెట్టడం సొంతంగా నేర్చుకున్నారు. మొదట్లో ఆయన కమాను లాగితే కుక్కర్ కూతనుకుని సుగుణ గారు స్టవ్ కట్టేసేవారు. ఆ రోజుల్లో పప్పు చాలాసార్లు పలుకుగానే తిన్నారు.

ఆ పొద్దున రెండో చరణంలో టప్పుమని తీగ తెగింది. వయొలిన్ తీగలు నాలుగింటికీ ఇంగ్లీషు అక్షరాలే పేర్లు: జీ, డీ, ఏ, ఈ. తెగింది చివరిది. సాయంత్రానికి తాడేపల్లిగూడెం నుంచి రావలసిన కూతురు జ్యోత్స్నకు ఆయన ఫోన్ చేశారు.

"ఈ తీగ తెగిందమ్మా. అక్కడ షాపులో కొని తీసుకురా."

"ఏ తీగ నాన్నా?"

"ఏ కాదమ్మా, ఈ."

"ఈ అంటే ఏది నాన్నా? నాకు కనపడదు కదా."

సిగ్నల్ సరిగా లేక ఆయన పెరట్లోకి నడిచి, తల పైకెత్తి, గొంతు పెంచారు. "తీగ తెగిందమ్మా, తీగ. ఏ కాదు, ఈ తీగ."

గోడవతల మొక్కలకు నీళ్లు పోస్తున్న నరసింహమూర్తి గారు ఆ మాట విన్నారు. నిత్యానందం గారి చూపు కరెంటు స్తంభం మీదుండటం కూడా గమనించారు. మంచి మనిషి కాబట్టి ఆలస్యం చేయకుండా కరెంటాఫీసుకు ఫోన్ చేశారు. కాసేపట్లో వీధంతా కరెంటు పోయింది. లైన్‌మన్ దేవదానం గుమ్మంలోకి వచ్చాడు.

"ఏ తీగండీ తెగింది?"

కూతురు ఎవరో వయొలిన్లు బాగుచేసే మనిషిని పంపిందనుకున్నారు నిత్యానందం గారు. "ఏ కాదండీ, ఈ. కుడి పక్క చివరిది."

"దాని మీద చెయ్యి గానీ వేశారా?"

"పొద్దుటి నుంచీ వేళ్లు దాని మీదే ఉన్నాయండీ."

దేవదానం ఒక మెట్టు దిగాడు. "ఏమీ అవలేదాండీ?"

"తెగినప్పుడు కాస్త చురుక్కుమంది. అయినా అలవాటైపోయిందండీ."

ఆయన లోపలికెళ్లి వయొలిన్ తెచ్చి చూపించాక దేవదానం ఒకసారి దాని వైపు, ఒకసారి స్తంభం వైపు చూశాడు. తర్వాత ఆఫీసుకు ఫోన్ చేసి వచ్చి నెమ్మదిగా చెప్పాడు. "ఎలాగూ లైను ఆపాం కదండీ, తీగలకి తగులుతున్న కొమ్మలు కొట్టేసే రమ్మంటున్నారు. చీకటి పడుద్దండీ."

చీకటి పడింది. ఫ్యాన్లు లేవు. చర్చి నుంచి తెచ్చిన కీబోర్డు పలకలేదు. జ్యోత్స్న తెచ్చిన పొట్లం విప్పితే అందులో ఏ తీగ ఉంది.

"మీరే కదా నాన్నా, ఏ, ఏ అని అరిచారు."

నరసింహమూర్తి గారు చార్జింగు లైటూ, చేతినిండా విసనకర్రలూ పట్టుకొచ్చి, "అంతా నావల్లేనండీ," అని వెనక వరసలో కూర్చున్నారు. పాస్టరు గారు చెమట తుడుచుకుంటూ, "ప్రార్థనతో ముగించేద్దామాండీ?" అనడిగారు.

నిత్యానందం గారు సుగుణ గారి వైపు చూశారు. ఈ ఒక్కటీ వినిపించకుండా ముగించడం ఆయనకు మనసొప్పలేదు. తీగకూ తీగకూ మధ్య స నుంచి ప దాకా దూరం. అవే వేళ్లు ఒక తీగ పక్కకు జరిపితే పాట మారదు, ఎత్తు మాత్రం అంత దిగుతుంది. కళ్లు మూసుకుని కమాను లాగారు.

బరువుగా, లోతుగా వచ్చింది పాట. ఆ ఎత్తు అలవాటు లేక ఎవరూ గొంతు కలపలేదు. రెండో చరణం దగ్గర ఆయన వేలు తప్పింది. తప్పిన స్వరం పక్కనుంచి సరిగ్గా వినిపించింది. మునుపటికన్నా బరువెక్కిన గొంతు, కొంచెం బొంగురుగా, ఎక్కడా జారకుండా సాగింది. ఆయన కళ్లు తెరవలేదు. తెరిస్తే ఆగిపోతుందేమోనని భయం.

అందరూ వెళ్లాక సుగుణ గారు అడిగారు. "ఏవండీ, ఇవాళ అంత కిందకి ఎందుకు దించారు?"

"పై తీగ లేక."

"అయితే ఇంక అది వేయించకండి."

మర్నాడు పొద్దున ఆయన కమాను పట్టగానే వంటింట్లోంచి, "అక్కడ తొందరపడుతున్నారండీ," అని వినిపించింది. మళ్లీ మొదలుపెట్టారు. "ఇప్పుడు సాగదీస్తున్నారు." పాట తిరిగి రావాలని ఏడాదిగా ప్రార్థించిన నిత్యానందం గారు, దాంతోపాటు పాటల బృందం నాయకురాలు కూడా తిరిగొస్తారని మాత్రం అనుకోలేదు.