మొదటి ముగ్గురు పేషెంట్లు

ఆ ఉదయం ప్రోగ్రామర్ పెట్టుకున్న పని చాలా చిన్నది. స్నానం చేసి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, ఎనిమిదింటికల్లా కంటి ఆసుపత్రికి చేరి, కొత్త ప్రోగ్రాం సవ్యంగా నడుస్తోందని చూపించి, డైరెక్టరమ్మ చేత సంతకం పెట్టించుకోవడం. సంతకం పడకపోతే ఇరవై రెండేళ్లుగా కన్నబిడ్డలా చూసుకున్న ఆసుపత్రి పని వేరే కంపెనీ చేతికి పోతుంది. ప్రోగ్రాం నడిచేలా చూడమని దేవుణ్ణి అడగవచ్చా, తన తప్పులు ఆయన నెత్తిన పెట్టడం కాదా అని కాస్త తటపటాయించాడు. చివరికి అడిగేశాడు.

అతని ఉద్యోగం మొదలైంది ఆ ఆసుపత్రి మెట్ల కింద గదిలోనే. ముగ్గురికి ఒక కంప్యూటరు, రెండు కుర్చీలు. నిలబడ్డవాడి వంతు తప్పులు వెతకడం. శనివారం సాయంత్రాలు వేరే కంపెనీల కుర్రాళ్లు కూడా వచ్చి గోడలకు ఆనుకుని కూర్చునేవారు. ఎవరి ప్రోగ్రాం ఎందుకు చతికిలబడిందో సిగ్గుపడకుండా చెప్పుకునేవారు. ఒకరి చిక్కుముడి ఇంకొకరు విప్పేవారు. ఇప్పుడు అందరూ పెద్ద పెద్ద పదవుల్లో ఉన్నారు. తప్పులు చేయడం మానలేదు గానీ చెప్పుకోవడం మానేశారు.

ఆ రోజుల్లో ప్రోగ్రాంను పరీక్షించడానికి ఉత్తుత్తి పేషెంట్లు కావలసివచ్చారు. కొత్తగా పెళ్లయినవాడికి చటుక్కున తట్టిన పేర్లు అత్తగారు, మామగారు, బావమరిది. ముగ్గురికీ కంటి ఆపరేషన్ రాసి పారేశాడు. తరువాత వాళ్ల ఫోన్ నంబర్లు మారినప్పుడల్లా, మమకారం కొద్దీ, అక్కడా మారుస్తూ వచ్చాడు. మొన్న పాత వివరాలన్నీ కొత్త ప్రోగ్రాంలోకి ఎక్కిస్తుంటే, టీములో కొత్తగా చేరిన అమ్మాయి అడిగింది.

"సార్, ఈ ముగ్గురికీ ఇరవై రెండేళ్లుగా ఆపరేషన్ అవలేదు. తీసెయ్యనా?"

"ఉండనీమ్మా. మా మొదటి పేషెంట్లు వాళ్లు."

పాత ప్రోగ్రాంకు ఉన్న బద్ధకం కొత్తదానికి లేదు. ఆగిపోయిన ఆపరేషన్లను వెతికి, మొదటి రోజుకే సర్ది, తెల్లారేసరికి ఫోన్లకు కబురు పంపింది: "ఈరోజు తొమ్మిదింటికి మీ కంటి ఆపరేషన్. ఖాళీ కడుపుతో రండి."

ఎనిమిదిన్నరకు భార్య ఫోన్ చేసింది.

"ఏమండీ, అమ్మకి ఆపరేషనట! నాకో మాట చెప్పాలనిపించలేదా?"

"ఎవరన్నారు?"

"మీ ఆసుపత్రే అంది. నాన్న కంగారు పడతారని అమ్మ నాకొక్కదానికే చెప్పి గుట్టుగా బయల్దేరింది. అమ్మ కంగారు పడుతుందని నాన్నా అలాగే నాకు చెప్పి గుట్టుగానే బయల్దేరారు. నేనూ వస్తున్నా, ఉండండి మీ పని చెప్తా!"

అత్తామామలిద్దరూ ఆసుపత్రి గేటు దగ్గర ఒకరికొకరు ఎదురుపడ్డారు.

"నా దగ్గర దాస్తావా?" అన్నారు మామగారు.

"మీరేం తక్కువ తిన్నారా?" అన్నారు అత్తగారు.

ఇంతలో బావమరిది దిగాడు. అక్క ఫోన్ చేసి చెప్పగా, ఇంట్లో ముగ్గురికీ ఒకేరోజు ఆపరేషన్ అంటే అంటువ్యాధే అయి ఉంటుందని తన ఆఫీసులో నోరు జారాడు. అతనితో కలిసి భోంచేసే పదకొండు మందీ నల్ల కళ్లజోళ్లు పెట్టుకుని వెంటే వచ్చారు. "బావా, వీళ్లవి కూడా ఓసారి చూపించు" అన్నాడు. వాళ్లను చూసి, బయట వరుసలో ఉన్న అసలు పేషెంట్లు కంగారుగా రెండడుగులు వెనక్కి జరిగారు.

గోల విని డైరెక్టరమ్మ బయటికి వచ్చింది. "ఏమిటిదంతా?"

కొత్తమ్మాయి అతని చెవిలో గొణిగింది. "తప్పంతా సర్వర్ మీదకి తోసేద్దాం సార్. అది నోరెత్తదు."

తోసెయ్యవచ్చు. సంతకం దక్కుతుంది. అతను ఒక్కసారి ఆ మెట్ల కింద గది తలుపు వైపు చూశాడు.

"తప్పు నాదేనమ్మా. వీళ్లు మా అత్తవారు, ఉత్తుత్తి పేషెంట్లు. తీసేద్దామంటే నేనే వద్దన్నాను" అని మొదలుపెట్టి పూసగుచ్చినట్లు అంతా చెప్పాడు. కంపెనీకి ఏ మొహంతో వెళ్లాలా అని అప్పుడే ఆలోచిస్తున్నాడు.

డైరెక్టరమ్మ, "ఎలాగూ వచ్చారుగా, కళ్లు చూద్దాం రండి" అంటూ అత్తగారిని లోపలికి తీసుకెళ్లింది. పావుగంటకు తిరిగి వచ్చింది.

"ఈవిడ కుడి కంట్లో శుక్లం బాగా ముదిరింది. ఏడాదిగా సరిగ్గా కనిపించడం లేదట, ఎవరికీ చెప్పలేదు. ఇంకొన్ని పరీక్షలు చేసి ఆపరేషన్ చేసేద్దాం. ఏమయ్యా, ఇరవై రెండేళ్ల ముందే రాసిపెట్టావా!"

"సంతకం..." అన్నాడు అతను నీళ్లు నములుతూ.

"తప్పు నాదేనన్న కంపెనీవాణ్ణి ఇన్నేళ్లలో ఇప్పుడే చూశాను. నిన్ను వదులుకుని ఇంకొకణ్ణి ఎక్కడ వెతకను? ఇలా తే" అంటూ సంతకం పెట్టేసింది.

అతను గుండెల నిండా ఊపిరి పీల్చుకుని వెనక్కి తిరిగాడు. భార్య ఎదురుగా నిలబడి ఉంది, కళ్లల్లో నీళ్లు.

"అమ్మని పెట్టారు, నాన్నని పెట్టారు, తమ్ముణ్ణి కూడా పెట్టారు. కొత్త పెళ్లాన్ని, నా పేరు మాత్రం గుర్తు రాలేదా?"