నాలుగు వేళ్ళ గుడ్డ

ఆ రోజు చేయవలసిన పనల్లా ఏ పనీ చేయకపోవడం. ఓడ పొద్దుగూకేదాకా నడిసముద్రంలోనే ఉంటుంది, ఏ రేవూ రాదు. అందుకని టైలరుగారి భార్య తెల్లవారుతూనే పైడెక్కు మీద రెండు పడక కుర్చీలు పట్టి, ఒకదాంట్లో తాను కూర్చుని, రెండోదాని మీద తువ్వాలు పరిచింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆమె అడిగింది ఒక్కటే: ఒక పూట పక్కన కూర్చోండి, కబుర్లు చెప్పుకుందాం. ఆయన చెప్పిందీ ఒక్కటే: "ఈ ఒక్క కుట్టూ వేసి వస్తా." ఆ ఒక్క కుట్టూ ఏళ్ళ తరబడి తెగలేదు. ఆయన కుట్టిన చొక్కాలన్నిటికీ కాజాలు కుట్టీ కుట్టీ ఆమె వేళ్ళు కాయలు కాచాయి. అందుకే ఓడెక్కేముందు ఒట్టు వేయించుకుంది.

"ఈ ప్రయాణంలో సూది ముట్టుకున్నారో, ఇక మీ కాజాలు మీరే కుట్టుకోండి. నేను మా చెల్లెలింటికి పోతా" అంది. ఆమె ఉత్తుత్తి బెదిరింపులు బెదిరించే మనిషి కాదు.

గాలి చలిగా ఉంది. "శాలువా తెస్తా, చిటికెలో వస్తా" అని టైలరు కిందికి దిగాడు. గదుల మధ్య నడవాలో పక్క గది లెక్కల మాస్టారు ఎదురయ్యారు. పొట్టిగా, గుమ్మటంలా ఉండే మనిషి. రాత్రికి కెప్టెన్‌తో విందు, కొత్త ప్యాంటేమో నేల ఊడుస్తోందని వాపోయారు. టైలరుకు చేతులు దురదపెట్టాయి.

"నాలుగు వేళ్ళు తగ్గిస్తే సరి. ఎక్కడుందది?"

"ఇస్త్రీ గదిలో తగిలించానండీ. ముదురు రంగుది."

ఇస్త్రీ గదిలో ఎవరూ లేరు. కొక్కేనికి నల్ల ప్యాంటు వేలాడుతోంది. జానతో నడుము కొలిచాడు. అచ్చంగా మాస్టారి నడుమే. ఇంకేం కావాలి? గదికి తెచ్చి, సొరుగులో ఓడవాళ్ళు పెట్టిన సూదీదారం, చిన్న కత్తెర తీసి, నాలుగు వేళ్ళు కత్తిరించి, అంచు మడిచి కుట్టేశాడు. ఊడ్చే ఆవిడ వచ్చి ముక్కలతో సహా చెత్తబుట్ట పట్టుకుపోయింది. ప్యాంటు మళ్ళీ తగిలించడానికి వెళ్ళేసరికి ఇస్త్రీ అతను తల పట్టుకుని కూర్చున్నాడు.

"కెప్టెన్‌గారి ప్యాంటు పోయిందండీ. ఇస్త్రీ చేసి తగిలించి టీకి వెళ్ళొచ్చేలోగా మాయం. నా ఉద్యోగం పోయినట్టే."

టైలరు కళ్ళజోడు పెట్టుకుని చేతిలోని ప్యాంటు లోపలివైపు చూశాడు. నడుము దగ్గర చిన్న పట్టీ మీద 'కెప్టెన్' అని ఉంది. తలుపు వెనక కొక్కేనికి మాస్టారిది, ముదురు నీలం ప్యాంటు, నిశ్చింతగా వేలాడుతోంది. మెట్ల దగ్గర ఫొటోలో కెప్టెన్ తాటిచెట్టంత ఎత్తు, రివటలాంటి మనిషి. రివటకు ఇంత నడుమేమిటని అనుభవమున్న టైలరుకు తట్టాలి. భయంలో తట్టలేదు.

"నాకు ఇద్దరు పిల్లలండీ" అన్నాడు ఇస్త్రీ అతను, కత్తిరించిన కాళ్ళు చూసి.

"సాయంత్రానికి పొడుగు చేసి ఇస్తా. నువ్వు మాత్రం నోరు మెదపకు."

టైలరు శాలువా పట్టుకుని పైకి పరిగెత్తాడు. భార్య ఎగాదిగా చూసి, "శాలువా నేయించి తెచ్చారా?" అంది.

"కడుపులో బాగాలేదే. కాస్త పడుకుని వస్తా."

ఆమె మొహం చిన్నబోయింది. తువ్వాలు మాత్రం తీయలేదు.

గదిలో టైలరు ఆలోచించాడు. కోసిన ముక్కలు చెత్తలో పోయాయి. మాస్టారిది నీలం, దాన్నుంచి తీసే ముక్క అతకదు. నల్లగుడ్డ ఉన్నది ఒక్కచోటే, రాత్రి విందుకు తాను వేసుకోబోయే సూటులో. గుండె రాయి చేసుకుని తన ప్యాంటు కాళ్ళు కోశాడు. అతుకు కనబడకుండా పైకి మడతపట్టీ తిప్పుతుండగా తలుపు చప్పుడైంది. భార్య పంపిన నర్సు. ప్యాంట్లూ సూదీ దుప్పటి కిందికి తోసి, తానూ దూరి పడుకున్నాడు. సూది తొడలో దిగింది.

"అమ్మా" అన్నాడు.

"నొప్పి ఎక్కడ?"

"తొడలో."

"కడుపని చెప్పారే?"

"అక్కణ్ణించి దిగిందమ్మా."

నర్సు నాడి చూసి కంగారుపడింది. రాత్రికి సూపు తప్ప ఏదీ ముట్టవద్దని ఆజ్ఞాపించి వెళ్ళింది. ఆమె అలా వెళ్ళగానే మాస్టారు వచ్చి "అయిందాండీ?" అన్నారు. ఆయనదీ కుట్టక తప్పలేదు. అన్నీ ముగించి, కెప్టెన్ ప్యాంటు ఇస్త్రీ అతనికి అప్పగించి వచ్చేసరికి కిటికీలో సముద్రం నల్లబడింది. భార్య కిందికి వచ్చింది, చంకలో మడిచిన తువ్వాలుతో. దాన్ని పెట్టెలో పెట్టి మూత వేసింది. తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకు.

విందుకు టైలరు అందరికంటే ముందే వెళ్ళి, చీలమండలు బయటపడ్డ కాళ్ళను బల్ల కిందికి ముడుచుకుని కూర్చున్నాడు. ఆయన ముందు సూపు గిన్నె పెట్టారు. భార్య, మాస్టారు చెరోపక్కా కూర్చున్నారు. ఇస్త్రీ అతను తలుపు సందులోంచి తొంగి చూస్తున్నాడు. కెప్టెన్ వచ్చాడు. మాస్టారికి తోడబుట్టినవాడిలా పొట్టిగా, గుమ్మటంలా ఉన్నాడు. రెండడుగులు వేసి తన ప్యాంటు తానే తొక్కుకుని తూలాడు.

"క్షమించాలి" అని నవ్వాడు కెప్టెన్. "పాత కెప్టెన్‌గారు నిన్న రేవులో దిగిపోయారు, నేను ఎక్కాను. ఇక్కడ ఇచ్చిన ప్యాంటు పొడుగైంది. పొద్దున ఇస్త్రీ గదిలో తగిలించి, నాలుగు వేళ్ళు తగ్గించమని చెప్పడం మరిచిపోయాను."

టైలరు గొంతులో సూపు అడ్డం పడింది.

"కానీ ఈ మడతపట్టీ చూడండి. పొద్దున లేదు. ఎవరో చేయి తిరిగినవాడి పని. ఇంత చక్కని కుట్టు నేనెక్కడా చూడలేదు. ఓడలో టైలరెవరైనా ఉన్నారా?"

అంత పొగడ్త ఆయన జన్మలో వినలేదు. ఛాతీ దానంతటదే పొంగింది, నోరు సగం తెరుచుకుంది. అంతలో భార్య పడిపోయిన చేతిగుడ్డ కోసం బల్ల కిందికి వంగింది. కాస్త ఎక్కువసేపే వంగి ఉంది. పైకి లేచి ఆయన వంక చూసింది.

"ఉంటే సెలవులో ఉంటాడండీ" అన్నాడు టైలరు. "సెలవులో ఉన్నవాణ్ణి కదపడం భావ్యం కాదు."

"అదేమిటండీ, మీరే కదా..." అని మాస్టారు మొదలుపెట్టబోయారు.

"రొట్టె తీసుకోండి మాస్టారూ" అని ఆమె ఆయన నోటికి అడ్డంగా పళ్ళెం పట్టింది. కెప్టెన్ నవ్వి ప్యాంటు పైకి మడుచుకుని కూర్చున్నాడు. తలుపు సందులో మొహం ఊపిరి పీల్చుకుంది.

భోజనాలయ్యాయి. జనం ఒక్కొక్కరే లేస్తున్నారు.

"లేవండి, పోదాం" అంది భార్య.

"అందరూ వెళ్ళనీ."

"మీ ప్యాంటు చూశాన్లెండి. ఆ మడతపట్టీ ఎవరి చేతిదో తెలీనంత గుడ్డిదాన్నా?"

"చెల్లెలింటికి పోతావా?"

"ముందు పొద్దున్నుంచీ ఏం వెలగబెట్టారో చెప్పండి."

చెప్పాడు. తొడలో సూది దగ్గరికొచ్చేసరికి ఆమె కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. పక్క బల్లల వాళ్ళు ఎంతకీ కదలరు, ఆయన లేవలేడు. చెల్లెలి సంగతి, పిల్లల సంగతి, ఎప్పటెప్పటివో కబుర్లన్నీ దొర్లాయి. పెళ్ళయ్యాక ఆయన ఆమె పక్కన అంతసేపు కదలకుండా కూర్చోవడం అదే మొదలు. అందుకు ఖర్చయింది నాలుగు వేళ్ళ గుడ్డ.